అమెరికా తొలి ప్రభుత్వంలో లైట్‌హౌస్‌లను పన్నుల శాఖకి ఎందుకు అప్పగించారు?

చరిత్రపిచ్చోడు
అమెరికా మొదటి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ట్రెజరీ (ఖజానా శాఖ) నడిపిన రోజుల గురించి చదువుతుంటే ఒక విషయం అస్సలు మింగుడు పడట్లేదు. 1792లో కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ అని ఒక పదవి పెట్టి టెంచ్ కాక్స్ అనే ఆయనకి ఇచ్చారు. దేశం లోపలి పన్నులు, ముఖ్యంగా 1791లో వేసిన విస్కీ పన్ను వసూలు చూడటం ఆయన పని. ఇంతవరకు బాగానే ఉంది. దేశంలోని లైట్‌హౌస్‌లు కూడా ఆయన చేతికే ఇచ్చారు! పొద్దున పెన్సిల్వేనియా కొండల్లో సారా బట్టీల లెక్కలు, మధ్యాహ్నం దీపాలకి తిమింగలం నూనె కొనుగోళ్లు. వీటికి ఏమన్నా పొంతన ఉందా? 1798 దాకా నేవీ శాఖే లేదు, అది ఒప్పుకుంటా. కానీ సముద్రం తెలిసిన నలుగురితో ఒక చిన్న బోర్డు పెట్టలేకపోయారా? ఓడలో వెళ్లేవాళ్ల ప్రాణాలకి సంబంధించిన పనిని పన్నుల గుమాస్తాల మీదికి తోసేశారని నాకు కోపంగానే ఉంది. మీరేమంటారు?

గోదారిగట్టు
తోసెయ్యడం కాదు బ్రో. అప్పట్లో రేవు ఊళ్లో కేంద్ర ప్రభుత్వం అంటే కస్టమ్స్ ఆఫీసు ఒక్కటే. ఇంకెవరికిస్తారు?

పన్నులపంతులు
చరిత్రపిచ్చోడు గారూ, మీరు 1792 దగ్గర మొదలుపెట్టారు, అందుకే పొంతన లేనట్టు కనిపిస్తోంది. 1789 వేసవికి వెళ్లండి. జూలై 4న దిగుమతి సుంకాల చట్టం మీద వాషింగ్టన్ సంతకం పెట్టాడు. జూలై 20న ఓడల మీద టన్నేజీ పన్ను, అంటే ఓడ ఎన్ని టన్నులదో దాన్ని బట్టి వేసేది. జూలై 31న ఈ సుంకాలు ఎవరు ఎలా వసూలు చెయ్యాలో చెప్పే చట్టం, అంటే ఏ రేవు ఏ జిల్లా కిందికి వస్తుంది, కలెక్టరు ఎక్కడ కూర్చోవాలి వగైరా. వారం తిరగ్గానే ఆగస్టు 7న లైట్‌హౌస్‌ల చట్టం. ఇవన్నీ ఒకే గొలుసు.

కారణం ఏంటంటే, అంతకుముందు లైట్‌హౌస్‌లు రాష్ట్రాలవి, వలస పాలన కాలం నుంచి వస్తున్నవి. బోస్టన్ దీపం 1716లో వెలిగింది, దాని ఖర్చుకి మసాచుసెట్స్ వాళ్లు వచ్చీపోయే ఓడల మీద టన్నుకి ఒక పెన్నీ చొప్పున వసూలు చేసేవారు. అలా దీపానికీ ఓడ పన్నుకీ ముడి ముందే ఉంది. కొత్త రాజ్యాంగం వచ్చాక కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) అనుమతి లేకుండా ఏ రాష్ట్రమూ టన్నేజీ పన్ను వెయ్యకూడదు, దిగుమతి సుంకం వెయ్యకూడదు. దీపాన్ని పోషించే ఆదాయం కేంద్రానికి వెళ్లిపోయాక దీపం మాత్రం రాష్ట్రం దగ్గర ఉంటే నూనె ఎవరు పోస్తారు? అందుకే ఆగస్టు 15 తర్వాత అయ్యే ఖర్చులన్నీ కేంద్ర ఖజానా నుంచి ఇస్తాం, మీరు ఏడాదిలోగా లైట్‌హౌస్‌ని, దాని స్థలాన్ని మాకు రాసివ్వండి అన్నారు. పన్ను ఎటు పోతే దీపం అటు పోయింది.

సిరిసిల్ల_శ్రీను
పంతులుగారు ఒక్క పోస్టులో క్లాసు చెప్పేశారు 👏 అన్నా, ఆ టన్నేజీ పన్ను ఎంత ఉండేది?

పన్నులపంతులు
అమెరికాలో కట్టి అమెరికన్ల సొంతంగా ఉన్న ఓడకి టన్నుకి 6 సెంట్లు, అమెరికాలోనే కట్టినా విదేశీయుల చేతిలో ఉంటే 30, పూర్తిగా విదేశీ ఓడ అయితే 50 సెంట్లు. సొంత ఓడల పరిశ్రమని పెంచుకోవాలనే ఆలోచన అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

కాకినాడ_కెరటం
నేను షిప్పింగ్ ఏజెన్సీలో పని చేస్తాను, నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించట్లేదు. మన దేశంలో కూడా 2021లో కొత్త చట్టం వచ్చేదాకా, 1927 నాటి లైట్‌హౌస్ చట్టం కింద ఓడ దగ్గర లైట్ డ్యూస్ (దీపాల రుసుము) వసూలు చేసింది కస్టమ్స్ వాళ్లే. అది కట్టకపోతే పోర్ట్ క్లియరెన్స్ (రేవు వదిలి వెళ్లే అనుమతి) ఆపేసే అధికారం కూడా వాళ్లకుండేది. ఒకసారి కడితే 30 రోజులదాకా మళ్లీ కట్టక్కర్లేకపోయేది. ఓడ రేవులోకి రాగానే కాగితాలు పట్టుకుని ముందు వెళ్లేది కస్టమ్స్ దగ్గరికే. సముద్రం మీద దీపం ఆరిపోయిందనో బోయా (దారి చూపడానికి నీటి మీద తేలే గుర్తు) కొట్టుకుపోయిందనో కెప్టెన్లు మొట్టమొదట చెప్పేదీ ఒడ్డున కనిపించిన ఆఫీసరుకే కదా.

చరిత్రపిచ్చోడు
కెరటం గారూ, వసూలు వేరు, నిర్వహణ వేరు. మన దగ్గర డబ్బు కస్టమ్స్ వసూలు చేసినా దీపాలు చూసేది లైట్‌హౌస్‌ల శాఖ. అమెరికాలో గోడకి పగులు వస్తే మేస్త్రీని పిలిచేదీ కస్టమ్స్ కలెక్టరే! నా అభ్యంతరం అక్కడ.

మౌనిక_వర్జీనియా
బోస్టన్‌లో ఆ పని చూసిన కలెక్టరు బెంజమిన్ లింకన్, స్వాతంత్ర్య యుద్ధంలో జనరల్. పన్నుల గుమాస్తా అని తీసిపారెయ్యడానికి లేదు. ఊళ్లో పలుకుబడి, ఓడల యజమానులతో పరిచయం, నిజాయితీ మీద నమ్మకం, ఇవి చూసి వాషింగ్టన్ అలాంటి వాళ్లని పెట్టాడు.

ఇంకో మాట. మా ఇంటికి దగ్గర్లో కేప్ హెన్రీ లైట్‌హౌస్ ఉంది, చెసపీక్ అఖాతం ముఖద్వారంలో. 1789 చట్టంలోనే అక్కడ ఒకటి కట్టాలని రాశారు, కేంద్రం సొంతంగా కట్టించిన మొదటి కట్టడం అదే. 1791లో జాన్ మెకోంబ్ జూనియర్ అనే న్యూయార్క్ మేస్త్రీకి 15,200 డాలర్లకి కాంట్రాక్టు. ఒప్పందం మీద హామిల్టన్ సంతకం, వాషింగ్టన్ ఆమోదం. తీరా తవ్వితే అంతా ఇసుక, తవ్విన గుంట తవ్వినట్టే పూడిపోయేది. అనుకున్న 13 అడుగులు చాలక 20 అడుగుల లోతుకి పునాది వెయ్యాల్సి వచ్చి, దానికి ఇంకో 2,500 డాలర్లు ఇచ్చారు. 1792 కల్లా అయిపోయింది. ఆ రాతి కట్టడం ఇప్పటికీ నిలబడి ఉంది. ఏడాదిన్నరలో, పదిహేడు వేల ఏడు వందల డాలర్లలో, ఆ ఇసుకలో! దీన్ని నిర్లక్ష్యం అంటే నేను ఒప్పుకోను. మిలిటరీ బేస్ లోపల ఉంటుంది కాబట్టి చూడ్డానికి వెళ్లేవాళ్లు ఐడీ మర్చిపోకండి.

అమలాపురం_అబ్బాయి
మన దగ్గర కాంట్రాక్టరు పునాది దగ్గరే ఆగిపోయి రేట్లు పెంచమంటాడు 😀 అక్కడ కూడా అదే అన్నమాట.

మౌనిక_వర్జీనియా
పెంచి ఇచ్చారు, ఆయన పూర్తి చేశాడు కూడా. 😀 ఆ తర్వాత మాంటాక్ పాయింట్ లైట్‌హౌస్ కట్టిందీ ఆయనే, 1796లో.

న్యూజెర్సీ_నాని
మా వైపు శాండీ హుక్ ఉంది, 1764 నాటిది. ఇప్పటికీ నిలిచి ఉన్న అమెరికా లైట్‌హౌస్‌లలో అన్నిటికన్నా పాతది. తమాషా ఏంటంటే అది ఉన్నది న్యూజెర్సీ నేల మీద, కట్టించింది న్యూయార్క్ వాళ్లు, అదీ లాటరీ డబ్బుతో. ఎందుకంటే న్యూయార్క్ రేవుకి వెళ్లే ఓడలే ఇసుకమేటల్లో ఇరుక్కునేవి. ఇలాంటి దాన్ని ఏ రాష్ట్రం చూసుకోవాలి అనే గొడవ కేంద్రం తీసుకోవడంతో తెగింది. ఇది కూడా ఒక కారణమే.

వరంగల్_విజ్ఞ
నాకో డౌట్. కొండల్లో మొక్కజొన్న, రై పండించుకునే రైతు విస్కీ పన్ను కట్టి, సముద్రం ఒడ్డు వ్యాపారి ఓడకి దీపం వెలిగించాలా? ఒకే ఆఫీసరు రెండూ చూస్తుంటే ఆ రైతుకి మండదా? 1794లో తిరుగుబాటు చేశారంటే చెయ్యరూ మరి!

గోదారిగట్టు
మంచి ప్రశ్న విజ్ఞా. కానీ విస్కీ పన్ను దీపాల కోసం వేసింది కాదు. యుద్ధంలో రాష్ట్రాలు చేసిన అప్పుల్ని 1790లో కేంద్రం నెత్తిన వేసుకుంది, ఆ అప్పు తీర్చడానికి వేశారు. దీపాల ఖర్చుని రేవుల్లో వచ్చే సుంకాలతో పోల్చి చూస్తే నలుసంత. 1789 నుంచి 1791 ఆఖరు దాకా ఖజానాకి వచ్చిన దాదాపు 44 లక్షల డాలర్లలో ఇంచుమించు అంతా కస్టమ్స్ సుంకమే.

రైతుల కోపానికి కారణాలు వేరే ఉన్నాయి. స్పెయిన్ వాళ్లు మిసిసిపీ నది మీద సరుకు పోనివ్వలేదు (1795 ఒప్పందం తర్వాతే దారి తెరుచుకుంది). ధాన్యం బస్తాలు కొండలు దాటించి తూర్పుకి తేవాలంటే రవాణాకే అయిపోతుంది, అందుకే విస్కీగా కాచి గుర్రం మీద తెచ్చేవారు. చేతిలో నాణేలు ఆడని చోట విస్కీతోనే కూలి కూడా ఇచ్చేవారు. అలాంటి చోట పన్ను మాత్రం నగదుగా కట్టమన్నారు. ఇన్‌స్పెక్టర్ జాన్ నెవిల్ ఇల్లు తగలబెట్టేదాకా పోయింది. వాషింగ్టన్ పన్నెండు వేలకి పైగా మిలీషియాని (రాష్ట్రాల పౌర దళాల్ని) పంపాడు.

వరంగల్_విజ్ఞ
అయినా నా మాట మారదు గోదారిగట్టు గారూ. ఆ రైతుకి ప్రభుత్వం అంటే బట్టీ కొలవడానికి వచ్చే మనిషి. రేవులో వ్యాపారికి ప్రభుత్వం అంటే సుంకం తీసుకున్నా రాత్రి దీపం వెలిగించే మనిషి. ఒకడికి పన్నుకి బదులు కళ్లముందు ఏదో కనిపిస్తోంది, ఇంకొకడికి ఏమీ కనిపించట్లేదు. రేవుల్లో ఫిరంగులు అక్కర్లేకుండా సుంకం వసూలు అయిందంటే అందుకే అని నేను గట్టిగా నమ్ముతున్నా.

పన్నులపంతులు
విజ్ఞ గారు చెప్పింది ఈ దారం మొత్తంలో అసలైన పాయింట్. హామిల్టన్‌కి ఇది తెలుసు. 1790లో సుంకం ఎగవేత ఆపడానికి 10 రెవెన్యూ పడవలు మంజూరు చేశారు. వాటి కెప్టెన్లకి 1791 జూన్‌లో ఆయన రాసిన సూచనల్లో, మన దేశస్థులు స్వేచ్ఛా మనుషులు, దర్పం చూపిస్తే సహించరు, మర్యాదగా నడుచుకోండి అని ప్రత్యేకంగా చెప్పాడు. పన్ను వసూలు చేసేవాడి ప్రవర్తనే ప్రభుత్వానికి ముఖం అని ఆయన పట్టింపు.

కానీ ఒక తేడా గమనించండి. విస్కీ పన్ను అధికారులు వేరు, కస్టమ్స్ కలెక్టర్లు వేరు. కింద ఊళ్లల్లో వీళ్లు ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు. పైన ఫిలడెల్ఫియాలో కాక్స్ బల్ల మీద మాత్రమే ఆ రెండు రకాల కాగితాలూ కలిసేవి.

బెజవాడ_బాబాయ్
మన ఊళ్లలో తహసీల్దారు ఆఫీసు చూడండి. భూముల లెక్కలు వాళ్లవే, ఎన్నికలు వాళ్లవే, కుల ధృవీకరణ పత్రాలు వాళ్లవే, తుపాను వస్తే పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లాలు పంచేదీ వాళ్లే. నేను రెవెన్యూలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను బాబూ. ఊళ్లో మనుషులు, కుర్చీలు, లెక్కల పుస్తకాలు ఉన్న ఆఫీసు అదొక్కటే అయినప్పుడు ఏ కొత్త పని వచ్చినా దాని మీదే పడుతుంది. ఆ కస్టమ్స్ కలెక్టర్లకి ఇంకా ఏమేం అప్పగించారు?

మౌనిక_వర్జీనియా
బాబాయ్ గారూ, చాలానే. 1798లో నావికుల జీతం నుంచి నెలకి 20 సెంట్లు పట్టుకుని జబ్బుపడిన నావికులకి వైద్యం చేయించమని చట్టం చేశారు. పట్టుకునేది కలెక్టర్లే, మెరైన్ ఆసుపత్రులు అలా మొదలయ్యాయి. 1807లో జెఫర్సన్ విదేశీ వ్యాపారాన్ని పూర్తిగా ఆపేస్తూ ఎంబార్గో పెడితే దాన్ని అమలు చేసి ఊరందరి తిట్లూ తిన్నదీ వాళ్లే.

చరిత్రపిచ్చోడు
బాబాయ్ గారి పోలిక బాగుంది, కానీ అది నా వాదనకే బలం ఇస్తుంది. అన్ని పనులూ మీద వేస్తే ఏదో ఒకటి చెడుతుంది. లైట్‌హౌస్‌లు చెడలేదా? స్టీఫెన్ ప్లెజంటన్ సంగతి ఎవరూ ఎత్తరేం?

సిరిసిల్ల_శ్రీను
ఎవరన్నా ఆయన?

చరిత్రపిచ్చోడు
చెప్తా. 1802లో జెఫర్సన్ లోపలి పన్నులు రద్దు చేస్తే కమిషనర్ పదవి కూడా పోయింది, లైట్‌హౌస్‌లు నేరుగా ట్రెజరీ మంత్రి గాలటిన్ చేతికి వెళ్లాయి. బ్రిటన్‌తో 1812 యుద్ధం ఖర్చుకి మళ్లీ పన్నులు వేస్తే మళ్లీ పదవి, మళ్లీ లైట్‌హౌస్‌లు అటు. ఆ పన్నులు తీసేశాక 1820లో ట్రెజరీలో ఫిఫ్త్ ఆడిటర్‌గా ఉన్న ప్లెజంటన్‌కి ఇచ్చారు. ఆడిటర్! ఆయన చేతికి వచ్చేసరికి లైట్‌హౌస్‌లు 55, 1852లో దిగిపోయేసరికి 330 దాటాయి. ముప్ఫై రెండేళ్లు. ఖర్చు తగ్గించడమే ఆయనకి గొప్ప. కట్టడాలు, దీపాలు చాలావరకు విన్‌స్లో లూయిస్ అనే పాత కెప్టెన్‌కే కాంట్రాక్టులు. ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ కటకం (దీపం వెలుగుని చెదరకుండా ఒకే వైపుకి పంపే గాజు అమరిక) 1820ల నుంచే వాడుకలో ఉంది, దాంతో దీపం చాలా ఎక్కువ దూరం కనిపిస్తుంది. అమెరికాలో మొదటిది 1841లో గానీ రాలేదు. కటకం ధర ఎక్కువట! ఓడలు రాళ్లకి గుద్దుకుంటే ఎంత ఖర్చో ఆ ఆడిటర్ లెక్కల్లో ఏ పద్దు కింద రాస్తారు?

న్యూజెర్సీ_నాని
ఆ మొదటి ఫ్రెనెల్ కటకం పెట్టింది మా నేవ్‌సింక్‌లోనే, శాండీ హుక్‌కి ఎదురుగా గుట్ట మీద. కెప్టెన్ మాథ్యూ పెర్రీ యూరప్ వెళ్లి చూసి తెచ్చాడు.

కాకినాడ_కెరటం
చరిత్రపిచ్చోడు గారి కోపం ఇక్కడ పూర్తిగా న్యాయం. వెలుగు సరిగా లేని దీపం కన్నా అసలు లేకపోవడమే నయం అంటారు మా కెప్టెన్లు. లేకపోతే జాగ్రత్తగా దూరంగా పోతారు, ఉందని నమ్మి దగ్గరికి వస్తే ముప్పు. ఒకసారి మా ఓడ ఒకటి రేవు బయట రాత్రంతా లంగరు వేసుకుని ఆగిపోయింది, దారి చూపించే బోయా దీపం వెలగక. ఒక్క బల్బు. ఆ రాత్రి ఆఫీసులో మాకు ఎంత టెన్షనో.

పన్నులపంతులు
ప్లెజంటన్‌ని పూర్తిగా దుర్మార్గుడిని చెయ్యకండి. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ నగరం మీదికి వస్తున్నప్పుడు విదేశాంగ శాఖ గుమాస్తాగా ఉండి స్వాతంత్ర్య ప్రకటన పత్రాన్ని గోతాల్లో పెట్టి ఊరు దాటించి కాపాడింది ఆయనే. నిజాయితీపరుడు, పైసా వృథా కానివ్వడు. కానీ సముద్రం తెలియదు, ఓడల దారులు వివరించే పుస్తకాలు వేసే బ్లంట్ సోదరుల్లాంటి తెలిసినవాళ్లు ఫిర్యాదులు రాస్తే వినలేదు. విన్‌స్లో లూయిస్ మేనల్లుడే 1840ల మొదట్లో తీరమంతా తిరిగి, దీపాలు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో కాంగ్రెస్‌కి నివేదిక ఇచ్చాడు.

అయితే అది ట్రెజరీ తప్పు అంటే మాత్రం ఒప్పుకోను. 1852లో నేవీ అధికారులు, ఆర్మీ ఇంజినీర్లు, శాస్త్రవేత్తలతో లైట్‌హౌస్ బోర్డు పెట్టారు, దీపాలు కొన్నేళ్లలోనే బాగుపడ్డాయి. ఆ బోర్డు కూడా ట్రెజరీ కిందే! దానికి అధ్యక్షుడు ట్రెజరీ మంత్రే. శాఖ మారలేదు, లోపల కూర్చున్న మనుషులు మారారు.

గోదారిగట్టు
ఇది కరెక్ట్. హామిల్టన్ కాలంలో పన్నెండు దీపాలు, అధ్యక్షుడే కాపలాదారుల నియామకాలు చూసేవాడు. పన్నెండుకి సరిపోయిన పద్ధతి మూడు వందలకి సరిపోదు. 1789 వాళ్లని 1840 తప్పుకి నిలదియ్యలేం.

వరంగల్_విజ్ఞ
ఆ కాపలాదారులకి జీతం ఎంత ఇచ్చేవాళ్లు? అది ఎవరూ చెప్పలేదు.

మౌనిక_వర్జీనియా
పోర్ట్‌లాండ్ హెడ్ లైట్‌హౌస్‌లో మొదటి కాపలాదారు జోసెఫ్ గ్రీన్‌లీఫ్. 1791 జనవరిలో ఆ దీపం వెలిగింది. మొదట్లో జీతమే లేదు! ఇంట్లో ఉండొచ్చు, చేపలు పట్టుకోవచ్చు, పొలం చేసుకోవచ్చు, అంతే. 1793లో ఏడాదికి 160 డాలర్లు మంజూరయ్యాయి. 1795లో చనిపోయాడు.

పని చూస్తే, వెడల్పాటి పళ్లెంలో నూనె, దాని చుట్టూ వత్తులు, పొగకి కళ్లు మండుతాయి, అద్దాలకి మసి పడుతుంది. రాత్రంతా లేచి వత్తులు కత్తిరించాలి, అద్దాలు తుడవాలి. బోస్టన్ దీపం మొదటి కాపలాదారు జార్జ్ వర్దిలేక్ 1718లో భార్యతో, కూతురితో పడవలో వస్తూ మునిగిపోయాడు. ప్లిమత్ దగ్గర గర్నెట్‌లో జాన్ థామస్ యుద్ధానికి వెళ్లి చనిపోతే భార్య హానా థామస్ ఆ దీపాలు చూసుకుంది. పైనుంచి మనం ట్రెజరీ, కాంగ్రెస్ అని వాదించుకుంటున్నాం గానీ ఆ వెలుగు నిజంగా నిలబెట్టింది వీళ్లు.

అమలాపురం_అబ్బాయి
జీతం లేకుండా చేపలు పట్టుకోమన్నారా! 160 డాలర్లకి రాత్రంతా నిద్ర లేకుండా... పాపం.

బెజవాడ_బాబాయ్
అంత తక్కువ ఇచ్చి, తప్పు చేస్తే ఏం చేసేవాళ్లు?

గోదారిగట్టు
తీసేసేవాళ్లు. చిన్న అలసత్వానికి కూడా లైట్‌హౌస్ కాపలాదారుని తొలగించాలి, ఎందుకంటే ఆ చిన్న అలసత్వం వల్లే పెద్ద ప్రమాదాలు వస్తాయి అని జెఫర్సన్ రాశాడు.

చరిత్రపిచ్చోడు
అలా రాసినవాళ్లు, జీతం కూడా అదే తూకంలో ఇచ్చి ఉండాల్సింది. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను. 1789లో కస్టమ్స్ వాళ్లకి ఎందుకు ఇచ్చారో పంతులుగారి వల్ల స్పష్టమైంది, టన్నేజీ పన్ను సంగతి నాకు తెలియదు. కానీ పంతులుగారూ, ఆ టన్నేజీ డబ్బు అచ్చంగా దీపాలకే ఖర్చు పెట్టారా? ఇంగ్లాండ్‌లోలాగా?

పన్నులపంతులు
లేదు. బ్రిటన్‌లో ఓడ దాటిన దీపాలకి రుసుము కట్టేది, కొన్ని దీపాలు రాజు దగ్గర హక్కులు పొందిన ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో కూడా ఉండేవి. అమెరికాలో సొమ్మంతా ఖజానాలో కలిసిపోతుంది, దీపాలకి కాంగ్రెస్ విడిగా మంజూరు చేస్తుంది, అమెరికన్ ఓడకి దీపం పేరున రుసుము లేదు (విదేశీ ఓడల మీద మాత్రం 1804లో ‘లైట్ మనీ’ అని వేశారు). నాకు ఈ పద్ధతి ఇష్టం. తుపానులో దారి వెతుక్కునే ఓడ దగ్గర రసీదు అడగకూడదు.

కాకినాడ_కెరటం
ఇక్కడ నేను విభేదిస్తా మాస్టారూ. దీపానికని విడిగా వసూలు చేస్తే ఆ డబ్బు దీపానికే పోతుందని అడిగే హక్కు ఓడ యజమానికి ఉంటుంది. ఖజానాలో కలిపేస్తే ప్లెజంటన్ లాంటి ఆయన మిగిల్చి చూపిస్తాడు. ఫ్రెనెల్ కటకం ఇరవై ఏళ్లు ఆలస్యం అయింది అందుకేనేమో ఆలోచించండి.

న్యూజెర్సీ_నాని
దీని మీద వేరే దారం పెట్టండి, ఇద్దరి మాటా వినాలనుంది. ఈలోగా ఇంకో సంగతి. ట్రెజరీ నుంచి లైట్‌హౌస్‌లు 1903లో వాణిజ్య, కార్మిక శాఖకి వెళ్లాయి. 1939లో కోస్ట్ గార్డ్‌లో కలిపారు. ఆ కోస్ట్ గార్డ్ అప్పుడు ట్రెజరీ కిందే ఉంది, దాని మూలం హామిల్టన్ పెట్టించిన ఆ పది రెవెన్యూ పడవలే!

సిరిసిల్ల_శ్రీను
అంటే మళ్లీ పన్నులోళ్ల చేతికే 😂

న్యూజెర్సీ_నాని
1967 దాకా. ఆ ఏడాది కోస్ట్ గార్డ్‌ని రవాణా శాఖకి మార్చారు.

చరిత్రపిచ్చోడు
కెరటం గారూ, పంతులుగారూ, రుసుమా ఖజానానా అనే దారం నేనే పెడుతున్నా. ప్లెజంటన్ ఖర్చుల లెక్క మీద ఇంకా తెలిసినవాళ్లు అక్కడికి రండి.